ఫాల్గుణం ఉక్కపోత, చైత్రం గాలివాన: మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ రెండు నెలలూ గడపడం ఎలా (పొలం జ్ఞాపకాలతో సహా)

పొద్దున లేచేసరికి మంచు, ఎదురుగా ఉన్న మేడ కూడా కనపడదు, తొమ్మిది దాటితే ఎండ, పదకొండుకల్లా ఒళ్ళంతా జిడ్డు, చొక్కా వీపుకి అంటుకుపోయి ఫ్యాను కింద కూర్చున్నా ఆరదు, మూడింటికి పడమర నల్లగా కమ్మేస్తుంది, సాయంత్రం గాలి, దుమ్ము, కరెంటు పోవడం, రాత్రికి మళ్ళీ ఉక్క. శివరాత్రికి చలి శివశివా అని పోయిన దగ్గర్నుంచి రోహిణి కార్తె వచ్చేదాకా మన వైపు ఇదే వరస. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లో స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని తెల్లారకముందే వెళ్ళి నించున్నవాళ్ళకి తెలుసు, ఎన్నో ఏళ్ళు ఆ మంచూ మబ్బూ అడ్డొచ్చి చూడకుండానే తిరిగొస్తాం.

నేను పుట్టింది నరసన్నపేట దగ్గర వంశధార కాలవ కింద పల్లెలో. అమ్మమ్మగారిది మందస వైపు, ఉద్దానం, జీడితోట. ఇప్పుడు ఉండేది విజయనగరంలో మూడో అంతస్తు ఫ్లాటులో. ఇక్కడికి వచ్చాక ఈ రెండు నెలలూ నాకు చాలా భారంగా గడిచేవి, తలనొప్పి, నిద్ర లేకపోవడం, మబ్బు పట్టగానే ఏదో గుబులు. ఊళ్ళో కూడా ఇదే వాతావరణం కదా, అక్కడ ఉన్నది ఒకే ఒక్క ఫ్యాను, మరి అప్పుడు లేని బెంగ ఇప్పుడెందుకు అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: ఊళ్ళో ప్రతి మబ్బుకీ ఒక పని ఉండేది. మబ్బు పడితే పెసలు ఎత్తాలి, గాలి వస్తే పశువుల్ని సాలలో కట్టాలి, మంచు పడితే పూత చూసుకోవాలి. టౌన్లో మబ్బు వస్తే కిటికీ దగ్గర నిలబడి చూడడమే. అందుకే ఊరి రోజువారీ పద్ధతిని ఫ్లాటులోకి తెచ్చుకున్నాను, కొన్నేళ్ళుగా అలాగే గడుపుతున్నాను, ఆ పద్ధతే ఇక్కడ వరసగా చెప్తాను.

మొదటిది: అసలు ఈ ఉక్క ఎక్కడిదో తెలుసుకోండి

మనకి తూర్పున బంగాళాఖాతం ఆనుకుని ఉంది, ఈ నెలల్లో సముద్రం మీంచి తేమ గాలి రోజంతా లోపలికి వస్తుంది. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. అనంతపురంలో 40 డిగ్రీలున్నా చెట్టు నీడలోకి వెళ్తే తెరిపి ఉంటుంది, మనకి 35కే నీడలో కూడా చెమటే. వాతావరణ శాఖ వాళ్ళు వడగాలి లెక్క కట్టేటప్పుడు కూడా మైదానాలకి 40 డిగ్రీలు దాటాలంటారు, తీర ప్రాంతాలకి 37 నుంచే చూస్తారు. కాబట్టి టీవీలో రాయలసీమ అంకెలు చూసి మనకి తక్కువే కదా అని మధ్యాహ్నం బయట తిరక్కండి.

సాయంత్రం గాలివాన సంగతికొస్తే, కింద సముద్రం తేమ, పైన ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి వచ్చే వేడి పొడి గాలి, మధ్యలో తూర్పు కనుమలు. మధ్యాహ్నానికి కొండల మీద వేడెక్కిన తేమ గాలి పైకి లేచి మబ్బుగా పెరిగి, పై గాలులు తోస్తుంటే సముద్రం వైపు దిగి వస్తుంది. బెంగాల్లో దీన్నే కాల్‌బైశాఖి అంటారు. ఇవేవీ చదవకుండానే మా అమ్మమ్మకి ఇదంతా తెలుసు. మందస నుంచి చూస్తే మహేంద్రగిరి వాయవ్యంలో కనిపిస్తుంది, 1501 మీటర్ల కొండ, మధ్యాహ్నం రెండింటికి పెరట్లోంచి ఒకసారి అటు చూసేది. "మహేంద్రగిరి తలపాగా సుట్టీసింది, గుంటల్ని లోపలికి రమ్మనండే" అనేది, గుంటలంటే పిల్లలు. ఇంకో గంటకో గంటన్నరకో గాలి లేచేది. మీరున్న చోట వాయవ్యం ఎటో, అటు ఏ కొండ కనిపిస్తుందో ఈ వారంలోనే చూసుకుని పెట్టుకోండి, కొండ కనపడకపోతే ఏ బిల్డింగు వెనకాల మబ్బు లేస్తుందో గుర్తుపెట్టుకోండి.

రెండోది: గడియారాన్ని వెనక్కి జరపండి

మా తాత నాలుగున్నరకి లేచేవాడు. తొమ్మిదింటికల్లా బరువు పనులన్నీ అయిపోయేవి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ పొలంలో ఉండేవారు కాదు, సాలలోనో చింతచెట్టు కిందో తాడు పేనడం, నాగలి మేకు సరిచెయ్యడం లాంటివి. నాలుగు దాటాక మళ్ళీ బయటికి, కానీ ఒక కన్ను ఆకాశం మీద. ఆఫీసు ఉన్నవాళ్ళకి అంతా కుదరదు, నాకూ కుదరదు, కానీ సగం కుదురుతుంది. వంట పూర్తిగా ఏడున్నరకల్లా ముగించెయ్యండి, పొయ్యి వేడి పగటి వేడితో కలవకూడదు. ఇస్త్రీ, బట్టలు ఉతకడం, బజారు, నడక అన్నీ ఎనిమిది లోపే. మంచు ఉన్నరోజు మాత్రం హైవే మీద బండి తియ్యకండి, ఒక అరగంట ఆగితే ఎండే దాన్ని విరిచేస్తుంది.

మూడోది: చోడి (రాగి) అంబలి

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ రెండు నెలల్లో నన్ను నిలబెట్టేది ఇదే. బయట రాగి మాల్ట్ అని పాలూ పంచదారా కలిపి ఇచ్చేది వేరు, మన చోడంబలి వేరు.

రాత్రి ఎనిమిదింటికి ముప్పావు కప్పు చోడిపిండిని కప్పున్నర నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మూత వదులుగా పెట్టి వదిలెయ్యండి. కుండయితే మంచిది, లేకపోతే స్టీలు గిన్నె, అల్యూమినియం వద్దు. ఈ ఉక్కలో పది పన్నెండు గంటలకి పులుపు వాసన వచ్చేస్తుంది. పొద్దున నాలుగు కప్పుల నీళ్ళు మరిగించి అందులో పిడికెడు నూకలు వేసి మెత్తగా ఉడకనివ్వండి, నూకలు ఉడక్కుండా పిండి పొయ్యకండి, తర్వాత అవి ఉడకవు. అప్పుడు సెగ తగ్గించి, పులిసిన పిండిని సన్నగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా తిప్పాలి, పది నిమిషాలకి పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది, తెడ్డుకి పట్టీపట్టనట్టు ఉండాలి. దించి పూర్తిగా చల్లారాక ఉప్పు, పల్చటి మజ్జిగ, నలిపిన పచ్చిమిర్చి, పక్కన ఉల్లిపాయ. వేడిగా ఉండగా మజ్జిగ పోస్తే విరుగుతుంది. గ్లాసు తాగి పొలంలోకి వెళ్తే పన్నెండు దాకా ఆకలి తెలిసేది కాదు, ఇప్పుడు ఆఫీసులోనూ అంతే.

మా ఊళ్ళో అంబలి మోసుకొచ్చే వేళ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. మామ్మ తల మీద కుండ, కుండ మీద మూకుడు, మూకుట్లో ఉల్లిపాయలూ కాల్చిన ఎండుచేపా, గట్టు మీద నడుస్తుంటే ఒక్క చుక్క ఒలికేది కాదు. పెసర కోసేవాళ్ళు ఆవిణ్ణి దూరం నుంచి చూసి కొడవళ్ళు పక్కన పెట్టేసేవారు. తాటాకు దొన్నెల్లో పోసేది, ముందు కూలివాళ్ళకి, తర్వాత తాతకి, ఆఖర్న మాకు. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

అంబలి కాకుండా మజ్జిగ, ముంజల కాలం వచ్చాక ముంజలు, శ్రీరామనవమికి పానకం, వడపప్పు. వడపప్పు ఈ వేళకే ఎందుకొస్తుందో చూడండి, వరి కోతలప్పుడు మాగాణిలో చల్లిన పెసలు శివరాత్రి అటూ ఇటూ ఇంటికొస్తాయి, ఆ కొత్త పెసరపప్పే నవమికి నానుతుంది. రామతీర్థం తిరునాళ్ళకి నడిచి వెళ్ళినవాళ్ళకి ఆ పానకం విలువ తెలుసు.

ఒంట్లో ఉప్పూ నీరూ బాగా పోయిందనిపిస్తే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలుపుకోండి, ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, కొలత దాటొద్దు.

ఇక్కడ ఉద్దానం వాళ్ళకి ఒక మాట, ఇది నేను మా బంధువుల ఇళ్ళల్లో చూసి చెప్తున్నది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎండాకాలం కదా అని ఇష్టమొచ్చినన్ని నీళ్ళూ కొబ్బరిబొండాలూ తాగకూడదు, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఎంత తాగాలో డాక్టరునే అడగండి. జబ్బు లేనివాళ్ళు కూడా తోటపని చేసొచ్చి ఒళ్ళు నొప్పులని షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకోకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి.

ఎండదెబ్బ గుర్తులు: ఒళ్ళు కాలిపోవడం, మాట తడబడడం, మనిషి అయోమయంగా ఉండడం. చెమట ఉన్నా సరే, మాట తేడాగా ఉంటే అది ఎండదెబ్బే అనుకోండి. నీడలో పడుకోబెట్టి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. తెలివి లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకండి.

నాలుగోది: ఇల్లు

మన వైపు చుట్టిళ్ళు చూశారా, గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు దాదాపు నేలదాకా దిగి ఉంటుంది. తుఫాను గాలికి గుండ్రటి గోడ నిలబడుతుంది, ఎండ గోడని తాకదు, పేడతో అలికిన నేల చల్లగా ఉంటుంది. ఇప్పుడవి చాలా తక్కువైపోయాయి, నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ ఇంట్లోంచి మనం తీసుకోవాల్సింది ఒక్కటే, ఎండని గోడ దాకా రానివ్వకూడదు. కర్టెన్ లోపల వేస్తే వేడి అప్పటికే లోపలికి వచ్చేసినట్టే, పడమటి కిటికీకి బయట వైపు వెదురు తడికో షేడ్ నెట్టో కట్టండి. శ్లాబు మీద సున్నం రెండు కోటింగులు కొట్టించండి, తెల్లటి కప్పు ఎండని తిప్పి కొడుతుంది, కింద గదిలో తేడా ఆ రాత్రే తెలుస్తుంది. కిటికీలు తెల్లవారుజామున బార్లా తెరిచి, తొమ్మిదికి మూసి, చీకటి పడ్డాక మళ్ళీ తెరవండి. తడి వట్టివేళ్ళ తెరలు, ఎయిర్ కూలర్లు మన తేమ గాలిలో అంతగా పనిచెయ్యవు, ఆ డబ్బుతో మంచి ఫ్యాను కొనుక్కోవడం మేలు.

ఐదోది: గాలివాన, పిడుగు

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా గెడ్డ (వాగు) వార తాటిచెట్టు మీద పిడుగు పడింది, చెట్టు తలకాయ కొవ్వొత్తిలా వెలిగింది, వాన ఆగాక వెళ్తే కింద రెండు మేకలు పడి ఉన్నాయి. వాటిని కాసే కుర్రాడు అప్పుడే నీళ్ళు తాగడానికి మా కల్లం దగ్గరికొచ్చి ఉన్నాడు కాబట్టి బతికాడు.

పొద్దున్నే విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళ మెసేజ్ చూసుకోండి, ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి, మన చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్లలో పిడుగుల జాడ చూపిస్తుంది. ఊళ్ళో ఫోన్ సరిగా వాడలేని పెద్దవాళ్ళుంటే వాళ్ళ తరఫున మీరే చూసి కాల్ చెయ్యండి, నేను మా మావయ్యకి రోజూ రెండింటికి చేస్తాను. ఆ కాల్ వల్ల నాకొక పని దొరికింది, ఆయనకొక పలకరింపు దొరికింది. పన్నెండింటికల్లా ట్యాంకు నింపి, ఫోన్లు చార్జింగ్ పెట్టి, బాల్కనీ గోడ మీద కుండీలు కిందకి దించెయ్యండి. ఇంటి మీదకి వాలిన కొబ్బరిచెట్టు ఉంటే ఎండుమట్టలూ ముదురుకాయలూ ముందే దింపించాలి, గాలిలో అవి బాంబుల్లా పడతాయి.

అప్పటిదాకా ఊపిరాడనంత ఉక్కగా ఉండి, ఆకు కూడా కదలకుండా ఉండి, ఒక్కసారిగా చల్లగాలి తగిలిందంటే అందరూ హమ్మయ్య అని డాబా మీదకి వెళ్తారు. సరిగ్గా అప్పుడే లోపలికి రావాలి. ఆ చల్లదనం ఎక్కడో దగ్గరలో పడుతున్న వాన మబ్బులోంచి కిందకి తోసిన గాలి, అంటే మబ్బు వచ్చేసిందని. మెరుపు చూసిన దగ్గర్నుంచి ఉరుము వినపడే దాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. 30 లోపు వినపడితే పక్కా ఇంట్లో ఉండాలి, ఆఖరి ఉరుము తర్వాత ఇంకో 30 నిమిషాలు ఆగాలి. పొలంలో దొరికిపోతే చెట్టు కిందకి, ముఖ్యంగా ఒంటరి తాటిచెట్టు కిందకి వెళ్ళకండి, చెరువులోంచి, మడి నీళ్ళలోంచి బయటికొచ్చి, కాళ్ళు దగ్గరపెట్టి, తల వంచి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకి షాక్ కొడుతుందని చాలామంది దూరంగా నిలబడిపోతారు, అది తప్పు, ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ 108ని పిలవండి, ఆ కొన్ని నిమిషాలే ప్రాణం. గాలికి తెగిన కరెంటు తీగ కనపడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.

కరెంటు పోయాక ఇంక చెయ్యడానికేమీ లేదు. ఒకసారి అలా రెండు రోజులు కరెంటు రాలేదు, పిల్లలు ఏడుపుమొహాలు పెడితే దీపం వెలిగించి మా సాల గురించి చెప్పాను. వాన కొడుతుంటే గేదెలు నెమరు వేసే చప్పుడు, తడిసిన గడ్డి వాసన, తాత లాంతరు వత్తి తగ్గించి గోనెపట్టా మీద మమ్మల్ని కూర్చోబెట్టుకుని ఎడ్ల గురించి చెప్పడం, మల్లి అనే ఎద్దు వరదలో వంశధార ఈది తిరిగి ఇంటికొచ్చిన సంగతి. మా చిన్నది ఇప్పుడు కరెంటు పోతే మల్లి కథ అడుగుతుంది.

ఆరోది: పొలం ఇంకా చేతిలో ఉన్నవాళ్ళకి

పెసరా మినుమూ కల్లంలో ఉన్నప్పుడే ఈ మబ్బులు వస్తాయి. "ఒరే, మబ్బు కమ్మీసింది, బరకాలు తియ్యండ్రా, ఏటి సూస్తన్నారు!" అని తాత అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆరిన పంటని గుమ్మటంలా కుప్ప వేసి బరకం కప్పి, చుట్టూ చిన్న కాలవ తియ్యాలి. తడిసిపోయిన పంటని మాత్రం మూసిపెట్టకండి, లోపల వేడెక్కి బూజు పడుతుంది, వాన వెలిసిన వెంటనే పలచగా పరవండి.

మామిడి పూత మీద మబ్బూ మంచూ ఉన్నరోజుల్లో బూడిద తెగులు వస్తుంది, నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, ఎండ తగ్గాక కొట్టాలి. వడగళ్ళకి రాలిన కాయలు దెబ్బ తగిలి ఉంటాయి కాబట్టి ఆవకాయకి పనికిరావు, ముక్కలు కోసి ఉప్పు పట్టించి ఒరుగులు ఎండబెట్టుకోండి. (తాండ్రకైతే పండ్ల కాలం వచ్చాక భీమాలి వాళ్ళ తాండ్రే కొనుక్కోండి, దానికి సాటి లేదు.)

వాన కురిసినందుకు పూర్తిగా ఏడవక్కర్లేదు కూడా. భరణి కురిస్తే ధరణి పండుతుంది అంటారు కదా, పూత రాలిందని రాత్రంతా నిద్రపోని తాతే, తెల్లారేసరికి గరువులో (మెట్ట పొలంలో) మట్టి పిడికిట్లోకి తీసుకుని పదును చూసి ఎడ్లు కట్టించేవాడు. ఆ వాన మీద వేసవి దుక్కి చేస్తే కలుపు చస్తుంది, మట్టిలో పురుగు పైకొచ్చి ఎండకీ కొంగలకీ పోతుంది.

ఏడోది: జ్ఞాపకాలు దాచుకోవడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అమ్మమ్మ తోటలో జీడిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, కొబ్బరిచెట్లు సగానికి విరిగాయి. నేను వెళ్ళేసరికి మావయ్య పడిపోయిన చెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు ఆయన ఒక్కో చెట్టూ చూపించి పేరు చెప్పాడు, ఇది బావి జీడి, ఇది తేనె జీడి, ఇది మీ అమ్మ పెళ్ళప్పుడు పెట్టింది. అన్ని చెట్లకీ పేర్లున్నాయని నాకు ఆరోజే తెలిసింది. ఫోన్ తీసి రికార్డు చేశాను. అదే ఇప్పుడు ఆ తోటలో మాకు మిగిలింది.

కాబట్టి మధ్యాహ్నం బయటికెళ్ళలేని ఆ నాలుగైదు గంటలూ దీనికి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పక్కన కూర్చుని రికార్డు చెయ్యండి, "మీ రోజులెలా ఉండేవి" అని అడిగితే బాగుండేవి అని ఊరుకుంటారు, చిన్నచిన్నవి అడగండి. ప్రతి మడి పేరూ అడగండి, మాకు రావిమాను మడి, గెడ్డవార మడి, బండ గరువు ఉండేవి. ఎడ్ల పేర్లు, కల్లం ఎక్కడ వేసేవారు, ఎవరి బావి నీళ్ళు తియ్యగా ఉండేవి, ఏ ఏడు వాన ఏ పంట తీసుకుపోయింది. తర్వాత ఒక పాత నోట్‌బుక్‌లో పొలం పటం గీయించండి, ఎలా వచ్చినా పర్లేదు, వేలు ఆ గీత మీద నడుస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. మా నాన్న మూడు మధ్యాహ్నాలు గీశారు, నాలుగో రోజు తనంతట తనే నోట్‌బుక్ తెమ్మన్నారు.

చేతులకి గుర్తుండే జ్ఞాపకాలూ ఉంటాయి. పెరట్లో పచ్చి జీడిపిక్కలు కాల్చేవాళ్ళం, తొక్కలోంచి నూనె చిమ్మి భగ్గున మండేది, ఆ నూనె తగిలితే బొబ్బలెక్కేవి, అందుకే వేళ్ళకి ముందు కొబ్బరినూనె రాసేది అమ్మమ్మ. జీడిమామిడి పండు గొంతు పట్టేస్తుందని ఉప్పు అద్ది ఇచ్చేది. పిల్లలకి ఆ పండు ఒక్కటైనా తినిపించండి, పలాస వైపు వెళ్తే ఏప్రిల్లో దొరుకుతుంది.

ఎనిమిదోది: డాబా మీద ఒక కల్లం పెట్టుకోండి

కొత్త మినుములు కిలో తెచ్చుకుని పప్పు చేయించి, రాత్రి నానబోసి, తెల్లవారుజామున గట్టిగా రుబ్బి, ఉప్పు, పచ్చిమిర్చి, జీలకర్ర, దొరికితే బూడిదగుమ్మడికాయ తురుము నీళ్ళు పిండేసి కలిపి, ఆరింటికల్లా డాబా మీద తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టెయ్యండి. మూడు ఎండలు కావాలి. మొదటి రోజు సాయంత్రం గుడ్డతో సహా ఎత్తి లోపల పెట్టి, రెండో రోజు గుడ్డ వెనక నీళ్ళు చల్లి ఒలిచి తిరగెయ్యాలి, మూడో రోజుకి విరిస్తే టక్కుమనాలి.

రెండింటికి ఒకసారి పైకెళ్ళి వాయవ్యం చూడండి. పోయిన ఏడు రెండో ఎండ రోజున మా వీధి చివర ట్యాంకు వెనకాల నల్లగా లేచింది, నేను మెట్లెక్కుతుంటే మా చిన్నది నాకంటే ముందే పైకి పరిగెత్తి గుడ్డ ఒక కొస పట్టుకుని "అమ్మా, కమ్మీసింది, రా రా" అని అరుస్తోంది. రెండో కొస నేను పట్టుకున్నాను, మెట్ల దగ్గరికి వచ్చేసరికి మొదటి చినుకు పడింది.